తిట్లు నేర్పిన ఇల్లు

సుమిత్రమ్మకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. అనడమేమిటి, నిజంగానే ఎక్కువ. తాండూరు నుంచి కరణ్‌కోట పోయే తోవలో, నాపరాళ్ల గనులు దాటి లోపలికి తిరిగితే వచ్చే చిన్న ఊరు వాళ్లది. అక్కడి అంగన్‌వాడీలో ఆమె టీచరు. గుడ్లు గోలీకాయలంత వచ్చాయని గుడ్ల బండి తెచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టి కడిగేసింది. పిల్లలు తినే గదిలో బీడీ ముట్టించుకున్న వార్డు మెంబరును చేయి పట్టి బయటికి లాగింది. తనిఖీకి వచ్చిన మేడం ఫోటో కోసం పిల్లల చేతికి కొత్త బొమ్మలిచ్చి, ఫోటో కాగానే బీరువాలో పెట్టించబోతే, "ఇచ్చి గుంజుకునుడు మేం పిల్లలకు నేర్పం మేడం, మీరు గూడ నేర్పకుండ్రి" అని మొహం మీదే అన్నది. బొమ్మలు పిల్లల దగ్గరే ఉండిపోయాయి. మేడం మాత్రం మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు.

ఊరు ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పదు. ఇరవై యేళ్లకు పైగా ఆ గదిలోకి వచ్చిపోయిన పిల్లల్లో ఒక్కరి మీద కూడా ఆమె గొంతు లేవలేదు. పెద్దవాళ్ల మీద అరిచే నోరే పిల్లల దగ్గరికొచ్చేసరికి "రా అయ్యా, కూసో అమ్మా" అంటుంది. చెప్పులు గూట్లో పెట్టమని ఏ పిల్లకూ చెప్పదు. తను రోజూ వాళ్ల ముందు వంగి తన చెప్పులు గూట్లో పెడుతుంది, అంతే. వారం తిరిగేసరికి చెప్పులన్నీ గూట్లో ఉంటాయి. "ఈ పోరగాండ్లకు చెవులు చిన్నయి, కండ్లు పెద్దయి" అంటుంది ఆయా మొగులమ్మతో. ఆ కండ్లు ఆమెనూ వదల్లేదనుకోండి. నడుం మీద చెయ్యి పెట్టి, గుడ్ల బండి మనిషిని ఆమె ఎట్లా దులిపిందో ఆడి చూపించే పిల్లలు ముగ్గురు నలుగురు ఎప్పుడూ ఉంటారు. అది చూసినప్పుడు మాత్రం సుమిత్రమ్మ నాలుక కరుచుకుంటుంది.

ఆమె పుట్టింది నవాబుపేట దిక్కు ఒక పల్లెలో, గొర్లు కాసే ఇంట్లో. కోత అయిపోయిన చేన్లలో రాత్రిపూట మంద పెట్టడం వాళ్ల బతుకు. గొర్లు రాత్రంతా అక్కడే పడుకుంటే ఆ పెంటికలతో చేను బలుస్తుంది. చేనుగల్ల ఆసామి కాపలా ఉన్నవాళ్లకు రాత్రి బువ్వ పెట్టి, మంద లేపినాక జొన్నలో కందులో కొలిచి ఇస్తాడు. చిన్నప్పుడు ఒకసారి తండ్రి వెంట బువ్వ తేవడానికి ఒక పటేలు ఇంటికి పోయింది. ఆ పటేలు ఏదో మాట మీద తండ్రిని తల్లి దాకా పోయి తిట్టాడు. తండ్రి పండ్లన్నీ కనబడేలా నవ్వాడు. తోవలో పిల్ల అడిగింది, నాయినా, ఎందుకు నవ్వినవని. ఆయన బువ్వ గిన్నె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, "నవ్వకపోతె మంద యాడ పెట్టాలె బిడ్డా" అన్నాడు. సుమిత్రమ్మ కోపం వయసు లెక్క కట్టాలంటే అక్కడి నుంచి కట్టాలి.

వికారాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. పది చదివినా ఇచ్చింది మాత్రం గొర్లు కాసే బీరన్నకే. దానికి ఆమె ఏనాడూ బాధపడలేదు. బీరన్న బంగారంలాంటి మనిషి. పెండ్లయినాక ఆమెకు అంగన్‌వాడీ ఉద్యోగం వస్తే, "నువ్ పిల్లలను కాయి, నేను గొర్లను కాస్త, ఇద్దరిదీ ఒక్కటే పని" అని సంబరపడ్డాడు. గొర్రెపిల్ల కుంటితే భుజాన వేసుకుని కోసు దూరం నడుస్తాడు. ఆయనలో ఆమెకు పడనిది ఒక్కటే. ఎవరేమన్నా నవ్వుతాడు.

ఆ ఊళ్లో పటేళ్ల ఇల్లంటే రాజేందర్ ఇల్లు. అతనికి తాండూరులో సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉంది. తమ్ముడు వంశీ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ చూసుకుంటాడని చెప్తారు. చూసుకోవడం వరకు నిజమే, ముట్టుకోవడం లేదు. తల్లి ఇంద్రమ్మ ఇంటికి పెద్ద. రాజేందర్ భార్య మనీషా పెద్దగా నోరు విప్పని మనిషి. వాళ్ల కొడుకు రిత్విక్‌కు నాలుగేళ్లు. వచ్చే జూన్‌లో తాండూరు బడి వ్యాన్ ఎక్కించాలని, అప్పటిదాకా నలుగురిలో తిరగడం అలవాటవుతుందని అంగన్‌వాడీకి పంపేవాళ్లు. పిల్లాడు చలాకీ. మాటలు గలగల పోతాయి. చూసిందల్లా పట్టేస్తాడు.

ఏటా లాగే ఆ ఎండాకాలం కూడా బీరన్న మంద రాజేందర్ చేన్లో పెట్టాడు. రోజూ చీకటిపడే వేళకు రొట్టె, పప్పు తీసుకపోవడానికి వాళ్లింటికి వచ్చేవాడు. ఆ వేళకు ఇంటి ముందు అరుగు మీద వంశీ, వాడి దోస్తులు కూర్చుని ఉండేవాళ్లు. ఇక ఆట మొదలయ్యేది. రిత్విక్‌ను ఎత్తి అరుగు మీద నిలబెట్టేవాళ్లు. "బేటా, బీరిగాడొచ్చిండు సూడు, ఏమంటవ్?" అని వంశీ అడిగేవాడు. పిల్లాడు చిట్టి చెయ్యి చాపి ఒక మాట అనేవాడు. ఆ మాట ఇక్కడ రాయనక్కర లేదు, అందరికీ వచ్చిందే. ముసలి మనిషిని పట్టుకుని ఆయన తల్లి దాకా పోయే మాట. అరుగంతా ఘొల్లుమనేది. ఇంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వేది. ఒకరు ముద్దు పెట్టేవాళ్లు, ఒకరు చాక్లెట్ ఇచ్చేవాళ్లు, వంశీ ఫోన్ పట్టుకుని ఇంకోసారి అనమనేవాడు. "ముద్దుగ ఎట్ల తిడుతున్నడో సూడు, పటేలు పుట్టిండు మా ఇంట్ల" అని నానమ్మ మెటికలు విరిచేది. అందరికంటే గట్టిగా నవ్వేది ఎవరంటే, తిట్టు తిన్న బీరన్నే.

ఇది ఒక్క ఇంటి పాపం కాదు. మాటలు వచ్చే పిల్లాడి చేత మేనమామను తిట్టించి, తాతను తిట్టించి మురిసిపోయే ఇళ్లు ఈ దిక్కున బోలెడు. చిలక పలుకులని పేరు పెడతారు. చిలకకు ఏ మాట నేర్పాలో వీళ్లకు తెలియదా? తెలుసు. ఎవరిని తిట్టించాలో కూడా బాగా తెలుసు. ఆ అరుగు మీద ఆ పిల్లాడి చేత దుకాణానికొచ్చే షావుకారును ఎవరూ తిట్టించలేదు, బ్యాంకు మేనేజరును తిట్టించలేదు. రొట్టె కోసం వచ్చిన ముసలాయనను తిట్టించారు.

ఆ మాట అంగన్‌వాడీకి రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఒకరోజు గుడ్డు ఒలిచి పెడుతున్న మొగులమ్మను రిత్విక్ అదే మాట అన్నాడు. అని, తలెత్తి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. సుమిత్రమ్మ ఆ చూపు చూసింది. పిల్లాడు తిట్టడం లేదు. వాడికి వచ్చిన మాటల్లో ఎక్కువ ముద్దులు తెచ్చిన మాటను ఏరి, గుడ్డు పెడుతున్న ఆమెకు ఇస్తున్నాడు. నవ్వు కోసం ఎదురు చూస్తున్నాడు. మొగులమ్మకు కళ్లెర్రబడ్డాయి. సుమిత్రమ్మ ఆమె భుజం నొక్కి, పిల్లాడి పక్కన కూర్చుని, "మొగులమ్మా, ఇంకో గుడ్డు పెట్టవా అమ్మా" అని తనే చెయ్యి చాపింది. మొగులమ్మ పెట్టింది. సుమిత్రమ్మ నవ్వింది, మొగులమ్మ కూడా నవ్వింది. రిత్విక్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మరునాడు తనే, "మొగులమ్మా, పెట్టవా అమ్మా" అన్నాడు. కొన్నాళ్లకు వాడికి రెండు భాషలు వచ్చేశాయి. గడప ఇవతల ఒకటి, అవతల ఒకటి.

అయినా ఆ లోపే సహస్ర అనే పిల్ల ఆ మాటను ఇంటికి మోసుకుపోయింది. వాళ్లమ్మ వచ్చి రిత్విక్‌ను మాన్పించమని గొడవ పెట్టుకుంది. ఆమెకు నచ్చజెప్పి, సుమిత్రమ్మ అదే సాయంత్రం పటేళ్ల అరుగు దగ్గరికి పోయింది. మర్యాదగానే మొదలుపెట్టింది. మీరు నవ్వితే వాడు మంచిమాట అనుకుంటున్నాడని, నవ్వడం ఆపితే పది రోజుల్లో మర్చిపోతాడని చెప్పింది. రాజేందర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా, చిన్న పిల్లాడు కదా టీచరమ్మా, పెద్దయితే వాడే మానేస్తాడన్నాడు. వంశీ, మీ ఆయనే ఏమనుకుంటలేడు, మీకెందుకు పరేషాని అన్నాడు. ఇంద్రమ్మ ఆమెకు కుర్చీ వేయించి చాయ్ ఇప్పించింది. ఆ ఇంట్లో టీచరమ్మకు కుర్చీ ఉంది, టీచరమ్మ మొగుడికి మెట్టు. సుమిత్రమ్మ చాయ్ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

కోపమంతా తెచ్చి బీరన్న మీద కుమ్మరించింది. నువ్వు నవ్వబట్టే కదా వాళ్ల నోళ్లు లేస్తున్నాయి, నిన్ను తిడితే నువ్వే పండ్లికిలిస్తే ఆ పసివాడికి అది తిట్టని ఎట్లా తెలియాలె అని అడిగింది. బీరన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నాలుగేండ్ల పోరడు, ఏమైతది తియ్యి. మొకం ముడుసుకుంటె పటేలు మంద లేపమంటడు. ఎండల ఎటు తోలుకపోవాలె?" అన్నాడు. నాయిన చనిపోయి ఎన్నేళ్లయిందో, ఆయన మాట మాత్రం చావలేదు. ఆ రాత్రి ఆమె పొయ్యి ముట్టించలేదు.

ఇంతలో వంశీకి సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి హనుమంతు, వికారాబాద్‌లో పేరున్న మనిషి, వడ్ల మిల్లు ఉంది. ఒక ఆదివారం ఇల్లు చూడడానికి నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంద్రమ్మ వాకిలి కడిగించింది, సర్వపిండి, సకినాలు చేయించింది. అన్నీ నచ్చాయి. హనుమంతు ముచ్చటపడి రిత్విక్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పేరేంది బేటా అని అడిగాడు. ఇంటినిండా జనం, అందరూ తన వైపే చూస్తున్నారు. కొత్త తాత ఎత్తుకున్నాడు. పిల్లాడికి సంతోషం పట్టలేదు. నాలుగేళ్ల బతుకులో అందరినీ నవ్వించిన మాట ఏదో, అది అన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. సరిగ్గా వినలేదేమోనని రిత్విక్ ఇంకోసారి, ఇంకా గట్టిగా అన్నాడు.

హనుమంతు పిల్లాడిని దించి లేచి నిలబడ్డాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఈ ఇంటి నోరు ఎట్లాంటిదో తెలిసింది అని, చాయ్ కూడా తాగకుండా కారెక్కాడు. కారు మలుపు తిరిగిందో లేదో వంశీ పిల్లాడి చెంప పగలగొట్టాడు. నేర్పిన చెయ్యే అది. రాజేందర్ రెండు వీపు మీద వేశాడు. చివరికి ఇంద్రమ్మ వంటింట్లోంచి కారంపొడి తెచ్చి, గుప్పిట్లో పట్టి, పిల్లాడి నోట్లో రుద్దింది. మనీషా అడ్డం పోతే, నీ పెంపకమే ఇదంతా అని నెట్టేశారు. పిల్లాడి అరుపులు నాలుగు గడపల అవతల సుమిత్రమ్మ ఇంటిదాకా వినిపించాయి. ఎవరింట్లోనో మేకపిల్ల అరుస్తుందనుకుంది. అట్లా అనుకున్నందుకు ఆమె తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది.

మంగళవారం మనీషా పిల్లాడిని తీసుకొచ్చి దింపింది. పెదాలు వాచి, మూలల్లో పగిలి ఉన్నాయి. రిత్విక్ చెప్పులు గూట్లో పెట్టాడు, చాప మీద కూర్చున్నాడు. మాట్లాడలేదు. గుడ్డు కావాలా అంటే తల కూడా ఊపలేదు. పాటప్పుడు మిగతా పిల్లల నోళ్ల వంక చూస్తూ, తన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. జరిగిందంతా మొగులమ్మ ఆమె చెవిలో చెప్తుంటే సుమిత్రమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది. పిల్లలున్నారని గట్టిగా ఒక్క మాట అనలేదు. వంటగదిలోకి పోయి తలుపేసుకుని, గోడకు మొహం పెట్టి, వచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఆవు చేలో మేస్తే దూడను కొడతారా, మీ చేతులు పడిపోను, అన్నది. ఆ గోడ అవతల చాప మీద పిల్లలు పాట పాడుతూనే ఉన్నారు, ఒక్కడు తప్ప.

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. పెదాలు మానాయి. మాట రాలేదు. ఇంట్లోనూ అంతే. ఆకలైతే గిన్నె ముందు నిలబడతాడు, దూపైతే బిందె వైపు చూస్తాడు. నానమ్మను చూస్తే నోరు మూసుకుంటాడు. సుమిత్రమ్మకు వాడి లెక్క తెలుస్తూనే ఉంది. అదే మాట, అదే ఇల్లు, అవే మొహాలు. ఒకనాడు చాక్లెట్, ఒకనాడు కారం. ఏ మాటకు ఏది వస్తుందో చెప్పలేనప్పుడు వాడేం చేస్తాడు? అన్ని మాటలూ మానేశాడు. అన్నం పెట్టేటప్పుడు ఆమె మాట్లాడుతూనే ఉండేది, జవాబు అడగకుండా. గొర్రెపిల్ల ముచ్చట చెప్పేది, వాన ముచ్చట చెప్పేది. పిల్లాడు వినేవాడు. వినడం మానలేదు, అదొక్కటే ఆమెకు మిగిలిన ధైర్యం. వాడు ఇట్లాగే ఉండిపోతాడేమోనన్న భయం మాత్రం ఆమెను తిననిచ్చేది కాదు.

ఇంటివాళ్లకు కూడా ఫికర్ పట్టుకుంది. తాండూరులో పిల్లల డాక్టరుకు చూపించారు. గొంతులో ఏ లోపం లేదని, బెదిరిపోయాడని, మునుపు ఏం మాట్లాడితే హుషారుగా ఉండేవాడో దాన్నే మెల్లగా గుర్తుచేసి మాట్లాడించమని డాక్టరు చెప్పాడట. ఆ మాట పట్టుకుని మరునాడు పొద్దున రాజేందర్ సుమిత్రమ్మ ఇంటికొచ్చాడు. ఆ గడప తొక్కడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. గడపలో నిలబడి, కళ్లు నేలకు దించి, బీరన్నను ఒకసారి ఇంటికి పంపమన్నాడు.

"ఎందుకు?" అన్నది సుమిత్రమ్మ.

"పోరడు బీరన్నను తిట్టుడంటె మస్తు ఖుషీగుండె గద టీచరమ్మా. ఒక్కసారి ఎదురుంగ నిలవడితె, మేమంత నవ్వుతం. తిట్టిండంటె మాటొచ్చినట్టే."

ఆమెకు కాసేపు ఆ మాట బుర్రకెక్కలేదు. బుద్ధి వచ్చి వచ్చాడనుకుంది, తప్పు ఒప్పుకుంటాడనుకుంది. ఇతను ఆమె మొగుడి మొహాన్ని పిల్లాడికి మందుగా అడగడానికి వచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే బీరన్న అప్పటికే తువ్వాల భుజాన వేసుకుని, కర్ర అందుకుంటున్నాడు. ఆయన మొహంలో అవమానం లేదు. పిల్లాడు మాట్లాడితే చాలన్న ఆత్రమే ఉంది. ఆమెకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది.

"పా, నేను గూడ వస్త," అన్నది. తోవలో బీరన్న చెయ్యి పట్టుకుని ఆపి, రాజేందర్‌కు వినబడకుండా ఒక్కటే మాట చెప్పింది. "ఈసారి నవ్వినవంటె నీకు నాకు రుణం తీరిపోయినట్టే. పోరనికి నిజం చెప్పు."

అరుగు మీద అందరూ తయారుగా ఉన్నారు. ఇంద్రమ్మ, వంశీ, వాడి దోస్తులిద్దరు, తలుపు చాటున మనీషా. రిత్విక్‌ను మునుపటిలాగే అరుగు మీద నిలబెట్టారు. బీరన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వంశీ ఊరించే గొంతు పెట్టి, బేటా, ఎవరొచ్చిండ్రో సూడు, ఏమంటవ్, అను, అను అన్నాడు. తిట్టు నాయినా, ఏమనం, చాక్లెట్ ఇస్తం అని ఇంద్రమ్మ బతిమాలింది. అందరూ ముందుగానే నవ్వడం మొదలుపెట్టారు. తిట్టక ముందే నవ్వు. పిల్లాడు ఒక్కొక్కరి మొహం చూసి, చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. గోడ తగిలింది. ఇంకా జరగడానికి చోటు లేదు.

"సాలు," అన్నది సుమిత్రమ్మ. పిల్లాడు ఎదురుగా ఉన్నాడని ఆమె గొంతు లేపలేదు. అరుపుకు అలవాటుపడిన ఆ జనానికి లేవని ఆ గొంతే ఎక్కువ భయం పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

బీరన్న కర్ర గోడకు ఆనించి, మోకాళ్ల మీద వంగాడు. పిల్లాడి ఎత్తుకు వచ్చాడు. నవ్వలేదు. నవ్వకుండా ఉన్న ఆ మొహాన్ని ఆ ఇంటివాళ్లు అప్పుడే మొదటిసారి చూశారు.

"రిత్విక్ అయ్యా, నీకొకటి చెప్తా. నువ్ ఆ మాటన్నపుడల్ల నాకు బాధయ్యేది. మా అమ్మ మతికొచ్చేది. నేను ఉత్తగనే నవ్వేటోన్ని. అది అబద్దం నవ్వు. నీ తప్పు లేదు, నాదే తప్పు. నాకు బాధైతుందని నీకు చెప్పకపోతి."

పిల్లాడి చేతులు నోటి మీదే ఉన్నాయి. వాడి కళ్లు మాత్రం బీరన్న పెదాల మీద, గడ్డం మీద, మళ్లీ పెదాల మీద తిరిగాయి. ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. చేతులు కొంచెం కిందికి దిగాయి.

"నీక్కూడ కారం పెట్టిండ్రా?" అన్నాడు.

గొంతు బొంగురుగా ఉంది, అన్ని రోజులు వాడని గొంతు. మనీషా తలుపు చాటునే కూలబడి ఏడ్చింది. బీరన్న వాడి తల మీద చెయ్యి వేసి, "పెట్టలేదయ్యా. పెట్టకున్న గూడ మండింది," అన్నాడు.

సుమిత్రమ్మ అప్పుడు అరుగు వైపు తిరిగింది. ఎన్నో అనాలని వచ్చింది. నాయిన నవ్వు, మొగుడి నవ్వు, ఆ వాచిన పెదాలు, అన్నీ నాలుక చివర ఉన్నాయి. చివరికి ఇంతే వచ్చింది. "ఇన్నేండ్ల సంది ఈ మనిషి మీ వాకిట్లకు వస్తున్నడు. నీకు నొచ్చిందా అని అడిగినోడు ఈ ఇంట్ల వీడొక్కడే. మీరు కొట్టింది గీన్ని." రాజేందర్ తల దించుకున్నాడు. వంశీ దోస్తులు మెల్లగా చెప్పులు వెతుక్కున్నారు.

ఇంద్రమ్మ మాత్రం ఆ మాటలు విన్నదో లేదో. మనుమడు మాట్లాడాడు, ఆమెకు అంతే కావాలి. వాడిని గుండెకు అదుముకుని, ముద్దులు పెట్టి, కళ్లు తుడుచుకుని, నిజమైన ప్రేమతో బీరన్న వైపు తిరిగింది. "ఒరేయ్ బీరిగా, నీ కడుపు సల్లగుండ. కూసోరా, చాయ్ తాగి పో."

ఆమె బీరన్నను తిట్టలేదు. తిట్టానని ఆమె ఎన్నటికీ అనుకోదు. బీరన్న తలపండిన మనిషి, ఆమెకంటే నాలుగైదేళ్లు పెద్దే అయి ఉంటాడు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లు, ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లు ఆయనను అట్లాగే పిలిచారు. ఆ పిలుపులో వాళ్లకు ఏ కారమూ తగల్లేదు.

నానమ్మ ఒళ్లోంచి రిత్విక్ ఆమె మొహంలోకి చూశాడు. నానమ్మ నవ్వుతుంది, ఏడుస్తుంది, కోపంగా లేదు. ఇది మంచిమాట. వాడి మొహం ఇన్నాళ్లకు విచ్చుకుంది. చిట్టి చెయ్యి చాపి, ఎంతో మర్యాదగా, ఎంతో ముద్దుగా అన్నాడు.

"ఒరేయ్ బీరిగా, కూసోరా. చాయ్ తాగు."

వంశీ చెయ్యి అలవాటు కొద్దీ లేచింది, ఎవరిని కొట్టాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. రాజేందర్ తల్లి వైపు చూశాడు. బీరన్న పెదాల దాకా నవ్వు వచ్చింది. ఆయన దాన్ని మింగేశాడు.

"వాన్ని ఏమనకుండ్రి," అన్నది సుమిత్రమ్మ. "వాడు మంచిగనే చెప్పిండు. మీరు చెప్పినట్టే చెప్పిండు. పటేలమ్మా, ఆయన పేరు బీరన్న. మీరు మార్చి పిలువుండ్రి, వాడు ఇంటడు."

ఇంద్రమ్మ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. ఒక్క అక్షరం రాలేదు. ఒళ్లో పిల్లాడు తల వెనక్కి వాల్చి, ఆమె నోటి వైపే చూస్తున్నాడు, ఏం వస్తుందా అని.

సుమిత్రమ్మ కుర్చీ లాగి మొగుడిని దాంట్లో కూర్చోబెట్టింది. తను మెట్టు మీద కూర్చున్నది.

"అనుండ్రి," అన్నది. "అనేదాక నేను లెవ్వ."